మీకు తెలుసా? కృష్ణబిలం లెక్కంతా దాని పైపొరలోనే!

గోడౌన్‌లో ఎన్ని బస్తాలు పడతాయో లోపలి జాగాను బట్టి చెబుతాం. గోడలు కొలిచి ఎవరూ చెప్పరు. కృష్ణబిలం మాత్రం గోడలనే కొలవమంటుంది! దాని వ్యాసార్థం రెట్టింపైతే ఘనపరిమాణం 8 రెట్లు కావాలి. కానీ అందులో ఇమిడే సమాచారం 4 రెట్లే అవుతుంది, సరిగ్గా ఉపరితలం పెరిగినంత.

దీనికి మొదలు ఒక టీ కప్పు. వేడి టీ, చల్లని నీళ్లు కలిస్తే విశ్వంలో ఎంట్రోపీ, అంటే అస్తవ్యస్తత, పెరుగుతుంది. లోపల దాగిన సమాచారానికి కొలతా ఇదే. మరి ఆ కప్పును కృష్ణబిలంలో పడేస్తే ఆ పెరుగుదల మాయమైనట్టేనా? ప్రిన్స్‌టన్‌లో భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ తన శిష్యుడు జేకబ్ బెకెన్‌స్టీన్‌ను అడిగిన ప్రశ్న ఇది. మాయం కాదు, బిలం ఉపరితలం ఆ మేరకు పెరుగుతుందన్నారు బెకెన్‌స్టీన్. కృష్ణబిలానికి ఉష్ణోగ్రత కూడా ఉంటుందని 1974లో స్టీఫెన్ హాకింగ్ చూపడంతో లెక్క ఖరారైంది: ఎంట్రోపీ అంటే ఉపరితలంలో నాలుగో వంతు, అతి సూక్ష్మమైన ప్లాంక్ కొలతల్లో.

ఆ నాలుగో వంతు ఎక్కడిది? 1996లో భౌతిక శాస్త్రవేత్తలు స్ట్రోమింజర్, వాఫా, కణాలన్నీ సూక్ష్మ తంతువుల కంపనాలే అనే స్ట్రింగ్ సిద్ధాంతంతో ఒక ప్రత్యేక రకం కృష్ణబిలం లోపల ఎన్ని స్థితులు సాధ్యమో లెక్కగట్టారు. ఆ లెక్క నుంచి సరిగ్గా అదే ఎంట్రోపీ వచ్చింది! ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరించే ఘట్టమిది.

మరుసటి ఏడాదే మరో భౌతిక శాస్త్రవేత్త హువాన్ మాల్దసేనా ఇంకో అడుగు వేశారు. ఒక రకం వక్ర విశ్వంలో గురుత్వాకర్షణతో సహా జరిగేదంతా, దాని సరిహద్దుపై గురుత్వమే లేని క్వాంటం సిద్ధాంతంతో సమానమని ప్రతిపాదించారు. బ్యాంకు కార్డు మీది పల్చటి హోలోగ్రామ్‌లో లోతైన బొమ్మ కనిపించినట్టన్నమాట. మన విశ్వం ఆ ఆకృతిలో లేదు. దీనికీ అలాంటి సరిహద్దు చిత్రం ఉందా అన్న వెతుకులాట ఇంకా సాగుతోంది.