బిడ్డ పడుకున్నాకే కత్తెర

పసిపిల్లల తల్లి ఇంట్లోంచి నడిపే చిన్న వ్యాపారానికి డబ్బుకన్నా ముందు కావలసింది మధ్యలో తెగని సమయం. కుట్టుమిషన్ వాయిదాల మీద దొరుకుతుంది. గ్రైండర్ పొదుపు సంఘం అప్పుతో వస్తుంది. వరసగా రెండు గంటలు మాత్రం ఎవరూ అప్పివ్వరు. జాకెట్లు కుట్టడం, మగ్గం వర్కు, పచ్చళ్లు, పిండివంటలు, ఇడ్లీపిండి, బ్యూటీపార్లర్, చీరల అమ్మకం, ట్యూషన్లు... ఇళ్ల ముందుగదుల్లో నడిచే ఈ పనులను తల్లులు ఎంచుకోవడానికి చేతనైన విద్య కావడం ఒక కారణం. ఆ పనిని ఎక్కడంటే అక్కడ ఆపి మళ్లీ అందుకోగలగడం రెండో కారణం. చాలా ఇళ్లలో రెండోదే పెద్దది.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఆడవాళ్ల లెక్క 299. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఇందులో కలవలేదు, అది వేరే పద్దు. వ్యాపారం మిగిలిన దాంట్లో సర్దుకోవాలి. ఆ మిగిలింది కూడా ఒక్క ముక్కగా దొరకదు.

ఆపగలిగే పని, ఆపలేని పని

జాకెట్టు కుట్టడంలో ఈ సంగతి బాగా కనిపిస్తుంది. ఆది జాకెట్టు పరిచి కొలతలు తీయడం, సుద్దతో గీయడం, లైనింగును పైగుడ్డతో కలిపి కత్తిరించడం ఒక్క ఊపున జరగాలి. చంక దగ్గర అరంగుళం తేడా వచ్చినా జాకెట్టు పట్టేస్తుంది. అది పట్టుచీరతో వచ్చిన ముక్కయితే ఆ రంగు, ఆ అంచు మళ్లీ బజారులో దొరకవు. అందుకే చంటిబిడ్డ ఉన్న ఇంట్లో కటింగ్ రాత్రి పది దాటాకో, తెల్లవారుజామునో జరుగుతుంది. మిషన్ మీది కుట్టు పగలు బిడ్డ నిద్రపోతున్నప్పుడు కానిద్దామంటే ఆ చప్పుడే బిడ్డను లేపుతుంది. మోటారు పెట్టిన మిషన్ పని తొందరగా తేలుస్తుంది గానీ, పాకే వయసు పిల్లాడికి నేలమీది పెడల్ మంచి ఆటవస్తువు. ఇక చేతిపని, హుక్సు, కాజాలు, చీరకు ఫాల్ కుట్టడం మిగిలాయి. వీటిని గుమ్మంలో కూర్చుని, పిల్ల ముద్ద మింగేలోపు నాలుగు కుట్లు వేసుకుంటూ పూర్తిచేయొచ్చు. అలా నాలుగు గంటల్లో తేలాల్సిన జాకెట్టు నాలుగు రోజులకు పాకుతుంది. ఆరితేరిన మనిషి గడువు చెప్పేటప్పుడు పిల్లల జ్వరానికి కూడా ఒకరోజు కలుపుకునే చెబుతుంది.

గది కూడా పని చేసేటట్టు ఉండాలి. హుక్సు, గుండుసూదులు, పూసలు, మిషన్ సూది ముక్కలు నేలమీద పడతాయి, ఏడాదిలోపు పిల్లలు దొరికిందల్లా నోట్లో పెడతారు. సామాను మూత బిగుతుగా ఉన్న డబ్బాల్లో పెట్టి, పిల్ల ఆ గదిలోకి వచ్చేలోపు నేలంతా అయస్కాంతంతో ఒకసారి వెతుక్కోవడం ఈ వృత్తిలో తెలివైన అలవాటు. పూసలు అయస్కాంతానికి అంటవు కాబట్టి చీపురూ తప్పదు.

వంటల వ్యాపారంలో కష్టం ఇంకోరకం. కోనసీమ జిల్లా ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండమీద ఒక్కసారి పరిస్తే రేకు లేస్తుంది. ఇది మంట ముందు పని, చూపు మరలితే రేకు చెడుతుంది, పక్కన పసివాడుంటే ప్రమాదం. ఆ రేకులో నెయ్యి రాసి, బెల్లప్పొడో పంచదారో చల్లి మడతలు పెట్టే పని మంటకు దూరంగా జరుగుతుంది. రెండు పనులూ ఒకే మనిషి మీద పడకుండా పంచుకోగలిగితే పిల్లల తల్లి ఎక్కడ కూర్చోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విభజనను పద్ధతిగా మార్చి చూపించింది లిజ్జత్ పాపడ్. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన సంస్థ అది. పిండి కలపడం శాఖలో ఒకచోట జరుగుతుంది. సభ్యులు పొద్దున్నే వచ్చి ఆ పిండి ఇంటికి తీసుకెళ్లి, వీలున్నప్పుడల్లా అప్పడాలు ఒత్తి, ఎండబెట్టి, మర్నాడు అప్పజెప్పి కూలి తీసుకుంటారు. రుచీ నాణ్యతా తేల్చే పనిని సంస్థ తన దగ్గరే ఉంచుకుంది, ఆపి చేసుకోగలిగే పనిని ఇళ్లకు పంపింది. పచ్చళ్ల సంఘాలు, మిల్లెట్ లడ్డూల సంఘాలు పెట్టాలనుకునే మన ఊళ్లవాళ్లు అప్పడం రుచికన్నా ఈ ఏర్పాటును ఎక్కువ గమనించాలి.

సీజనూ సెలవులూ ఒకేసారి

ఇళ్ల వ్యాపారాలకు గిరాకీ వచ్చే రోజులూ బడికి సెలవులిచ్చే రోజులూ దాదాపు ఒకటే. ఆవకాయ కాయ వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో, ఎండాకాలం సెలవులూ అప్పుడే. అరిసెలకు, సకినాలకు ఆర్డర్లు ముంచెత్తేది సంక్రాంతికి, అప్పుడు పిల్లలు రోజంతా ఇంట్లోనే. దసరాకు, బతుకమ్మకు జాకెట్లు కావాలనే వాళ్లు గుమ్మంలో నిలబడేదీ సెలవుల వారంలోనే. శ్రావణ మాసమొక్కటి కాస్త నయం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు దాకా బడులు నడుస్తాయి. ఏడాది ఆదాయంలో పెద్ద వాటా తెచ్చే వారాల్లో తల్లి చేతికి అతి తక్కువ సమయం చిక్కుతుందన్నమాట. ఆర్డర్లు ముందే ఆపేయడం, సీజను ధర పెంచడం, ఆ పది రోజులకు పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపడం, ఈ మూడింటిలో ఎక్కువమంది మూడోదే చేస్తారు. రెండోది చేయడానికి మొహమాటం అడ్డొస్తుంది.

కాన్పు వచ్చినప్పుడు ఇంకా పెద్ద విరామం. తొలిచూలుకు పుట్టింటికి వెళ్లి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తిరిగొచ్చే ఆనవాయితీ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. ఉద్యోగినికి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల జీతంతో కూడిన సెలవు తెచ్చింది. సొంతంగా మిషన్ పెట్టుకున్న మనిషికి ఆ సెలవు వర్తించదు. అర్హులైన తల్లులకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అందుతాయి. పోయిన ఆదాయాన్ని పూడ్చడానికి అది చాలదు, అంతకు మించి పోయేది కస్టమర్లు. ఆర్నెల్లు తలుపు మూస్తే పక్క వీధి దర్జీ దగ్గర కొలత కుదిరినవాళ్లు మళ్లీ వెనక్కి రారు. వెళ్లేముందే ఆది జాకెట్లతో సహా పనిని తోటి కుట్టుమనిషికి అప్పగించి, ఆమె కాన్పుకు తను అదే సాయం చేసే ఒప్పందం పెట్టుకున్నవాళ్లు ఈ నష్టం నుంచి కొంత బయటపడతారు.

బిడ్డను ఎక్కడ ఉంచాలి

1975 అక్టోబరు 2న మొదలైన సమీకృత శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలో కూర్చుని ఆటపాటలు నేర్చుకునేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. మూడేళ్లలోపు వాళ్లకు పోషకాహారం ఇంటికిస్తారు, బిడ్డను రోజంతా చూసుకునే ఏర్పాటు మాత్రం మామూలు అంగన్‌వాడీలో ఉండదు. తల్లికి సాయం అత్యవసరమైన వయసు సరిగ్గా అదే. ఆరు నెలలదాకా తల్లిపాలే ఇవ్వాలి కాబట్టి మొదటి ఆర్నెల్లూ ఎవరూ ఆమెను భర్తీ చేయలేరు. ఆ తర్వాత మూడేళ్లు నిండేదాకా నాయనమ్మో అమ్మమ్మో దిక్కు. వేరు కాపురాలు పెట్టుకుని పట్నం వచ్చినవాళ్లకు ఆ దిక్కూ లేదు.

కేంద్రం పాల్నా పేరుతో అంగన్‌వాడీలకు శిశు సంరక్షణ కేంద్రాలను జోడించే పని చేపట్టింది. అహ్మదాబాదులో సేవా సంస్థ ఈ అవసరాన్ని ఎప్పుడో గుర్తించింది. ఇంట్లో, బజారులో స్వయం ఉపాధి పొందే ఆడవాళ్ల సంఘంగా 1972లో ఇలా భట్ నాయకత్వంలో ఏర్పడిన సేవా నీడలో, 1986లో సంగిని అనే శిశు సంరక్షణ సహకార సంఘం వచ్చింది. తల్లులు పనిచేసే వేళలకు తగ్గట్టు బిడ్డల్ని చూసుకోవడం దాని పద్ధతి. మన దగ్గర పొదుపు సంఘం లేని ఊరు అరుదు. పది, పదిహేనుమంది ఆడవాళ్లు నెలనెలా కలిసి కూర్చుని పైసా తేడా లేకుండా లెక్క చూసుకునేచోట, బిడ్డల్ని వంతులవారీగా చూసుకునే ఏర్పాటు ఇంకా విరివిగా రాకపోవడం వింతే.

కూలి లెక్కలో లేని మనిషి

అప్పుకు దారులు లేకపోలేదు. పల్లె ఆడవాళ్ల సంఘాల పథకం డ్వాక్రా 1982లో మొదలైంది, బ్యాంకులతో సంఘాలను కలిపే పని నాబార్డ్ 1992లో చేపట్టింది, సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే స్త్రీనిధి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చింది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల దాకా పూచీకత్తు లేకుండా దొరుకుతుంది. తిండి పదార్థాలు అమ్మేవాళ్లు ఆహార భద్రత సంస్థలో నమోదు చేయించుకోవాలి, చిన్న తయారీదారుకు పూర్తి లైసెన్సు అక్కర్లేదు. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఇవన్నీ చేతికందేవే. చిక్కంతా వాయిదాలో ఉంది. పిల్లకు విరేచనాలై వారంపాటు మిషన్ మూతపడినా నెల వాయిదా ఆగదు, కట్టకపోతే సంఘంలో మిగతావాళ్ల మీద పడుతుంది. అందుకే మంచి నెల ఆదాయం మీద కాకుండా, జ్వరాల నెల ఆదాయం మీద లెక్కేసి అప్పు తీసుకోవడం క్షేమం.

ధర దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఉదాహరణకు లైనింగు జాకెట్టుకు 500 తీసుకుంటే, లైనింగు గుడ్డ, దారం, హుక్సు, కరెంటుకు 120 పోయాయనుకుందాం. మిగిలిన 380ని లాభం అంటారు. అది లాభం కాదు, నాలుగు గంటల కూలి. ఆ నాలుగు గంటలు బిడ్డను ఎత్తుకున్న అత్తగారి కూలి అందులో అసలు లేదు. ఆవిడ కాళ్లనొప్పులని మంచమెక్కిన రోజున, లెక్కలో లేని ఆ ఖర్చు ఒక్కసారిగా బయటపడుతుంది.

నరసాపురం లేసు కథ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. గోదావరి జిల్లాల ఇళ్లలో తరాలుగా సాగుతున్న ఈ అల్లికను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పరిశీలించి 1982లో పుస్తకం ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా ఆ ఆడవాళ్లను పనివాళ్లుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూశారనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ చూపే ఆసరా అయిందనీ ఆమె వాదన. 2024లో ఈ లేసుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు సరుకుకు పేరు తెస్తుంది. అల్లే చేతికి గంటకు ఎంత ముట్టాలో అది చెప్పదు.

పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక లెక్క మారుతుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇల్లు ఖాళీ, కటింగ్ రాత్రి నుంచి పగటికి మారుతుంది, రెండో మిషన్ వస్తుంది. దాని మీద కూర్చోబెట్టే మనిషి కూడా తరచు ఒక పసిబిడ్డ తల్లే. ఆమెను నెలజీతానికి కాకుండా జాకెట్టుకు ఇంత అని పెట్టుకుంటే ఇద్దరికీ వీలు. ఈ దశలోనే పిల్లలూ వ్యాపారంలో చెయ్యి పెడతారు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, పద్నాలుగేళ్లలోపు పిల్లలు బడి వేళల తర్వాత, సెలవుల్లో, చదువుకు ఆటంకం లేకుండా సొంత కుటుంబ వ్యాపారంలో ప్రమాదం లేని పనులకు సాయపడడాన్ని అనుమతించింది. పచ్చడి సీసాలకు కాగితాలు అంటించడం, ఫోనులో వచ్చిన ఆర్డర్లు నోటుబుక్కులో ఎక్కించడం, హుక్సును సైజులవారీగా వేరుచేయడం ఈ హద్దులోకి వస్తాయి. నూనె మూకుడు, మోటారు మిషన్, కారం పట్టే గిర్నీ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.