సంతకం లేని పాత్ర

మట్టిని పాత్రగా మలచడం మానవుడు నేర్చిన అతి ప్రాచీన విద్యలలో ఒకటి. కుమ్మరి సారెపై రూపుదిద్దుకొన్న కుండ వేల సంవత్సరాలుగా ఇంటి అవసరాలను తీర్చింది. కుండ ప్రతి ఇంటా ఉండేది. దానిని చేసినవాని పేరు మాత్రం దానిపై ఉండేది కాదు. పారిశ్రామిక విప్లవం తరువాత కర్మాగారాలు ఒకే అచ్చులో వేలాది పాత్రలను తయారుచేయసాగాయి. చేతివృత్తి క్షీణించింది. ఈ పరిస్థితికి ప్రతిస్పందనగా ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో స్టూడియో కుమ్మరులు అనే కళాకారులు బయలుదేరారు. మట్టిని ఎన్నుకోవడం మొదలు పాత్రను కాల్చడం వరకు అన్ని పనులూ స్వయంగా చూసుకోవడం వీరి విశిష్టత. అయితే వీరు ఉన్నతవిద్య నభ్యసించినవారు, పేరుప్రతిష్ఠలు గలవారు. పేరు ఆశించని పల్లె కుమ్మరి పనిలోని సహజత్వం వీరికి సాధ్యమేనా? జపాన్ కళాకారుడు హమదా షోజి జీవితమంతా ఈ ప్రశ్నతోనే సాగింది.

హమదా 1894లో జన్మించారు. టోక్యోలో పింగాణి తయారీ శాస్త్రం అభ్యసించి, క్యోటోలోని పరిశోధన సంస్థలో మిత్రుడు కవాయి కాంజిరోతో కలిసి గాజుపూతలపై వేలాది ప్రయోగాలు చేశారు. 1920లో ఆంగ్ల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ వెంట ఇంగ్లండు వెళ్ళి, సముద్రతీరాన ఉన్న సెయింట్ ఐవ్స్ పట్టణంలో కుమ్మరిశాల నెలకొల్పడానికి తోడ్పడ్డారు. ఇంగ్లండు పల్లె కుమ్మరుల పాతకాలపు పాత్రలు ఇద్దరినీ ఆకర్షించాయి. డిచ్లింగ్ గ్రామంలో చేతిపనులతో నిరాడంబరంగా జీవించే కళాకారులను చూసిన హమదా, తానూ పల్లెపట్టునే ఉండి పనిచేయాలని నిశ్చయించుకొన్నారు.

1924లో స్వదేశం చేరిన ఆయన మషికో అనే చిన్న ఊరిని ఎంచుకొన్నారు. జాడీలు, టీ కూజాలు వంటి వంటయింటి పాత్రలకు అది పేరుపొందింది. అక్కడి మట్టి ముతకది. సున్నితమైన పనితనానికి సులభంగా లొంగదు. హమదా ఆ మట్టిని కాదనలేదు. దానికి తగిన దృఢమైన రూపాలనే మలిచారు. స్థానికంగా దొరికే రాతిని పొడిచేసి ఎర్రని పూతను, కట్టెల బూడిదతోను, వరిపొట్టు బూడిదతోను ఇతర పూతలను సిద్ధం చేసుకొన్నారు. ఒకినావా దీవిలో చూసి గీసుకొన్న చెరకుమొక్క చిత్రాన్ని జీవితాంతం పాత్రలపై మళ్ళీ మళ్ళీ చిత్రించారు. పెద్ద పళ్ళెంపై గరిటెతో ఒక్క ఊపున పూతను పోసి అలంకరించేవారు. ఇంత స్వల్ప వ్యవధిలో ముగిసే పనియా అని అడిగినవారికి, ఆ పదిహేను సెకన్ల వెనుక అరవై ఏళ్ళ సాధన ఉన్నదన్న భావంతో బదులిచ్చారట.

ఆయన మిత్రుడు యనగి సొయెత్సు కొరియా దేశపు పాత పాత్రలను పరిశీలించి, నిత్యోపయోగం కోసం అజ్ఞాత శిల్పులు చేసిన వస్తువులలో అసాధారణ సౌందర్యం ఉందని ప్రతిపాదించారు. 1925లో ఈ మిత్రులు అటువంటి కళకు 'మింగేయి' అని పేరుపెట్టారు. ప్రజల కళ అని దాని అర్థం. ఆ ఆదర్శానికి అనుగుణంగా హమదా తన పాత్రలపై సంతకం చేయడం మానివేశారు.

అయినా కీర్తి ఆయనను వదలలేదు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను 'సజీవ జాతీయ నిధి'గా గుర్తించింది. పాత్రపై లేని పేరు, దానిని భద్రపరచే కొయ్యపెట్టెపై ఆయన చేతివ్రాతలోనే కనిపించేది. అజ్ఞాతంగా ఉండాలన్న ఆశయానికీ, లోకం ఇచ్చిన గౌరవానికీ మధ్య ఈ వైరుధ్యం చివరిదాకా తొలగలేదు.

ఆయన తన ఋణాన్ని మరొక విధంగా తీర్చుకొన్నారు. తనను ఓడించాయని భావించిన వస్తువులను దేశదేశాల నుంచి సేకరించి, 1977లో మషికోలోని తన నివాసస్థలంలోనే మ్యూజియంగా ఏర్పరచి అందరికీ చూపారు. మరుసటి సంవత్సరం కన్నుమూశారు. 2011 మార్చి నాటి భూకంపంలో అక్కడ వాలునేలపై మెట్లుగా కట్టిన ఆయన ఆవం దెబ్బతిన్నది. తరువాత దానిని పునర్నిర్మించి మళ్ళీ పాత్రలు కాల్చారు. ఆ మ్యూజియంలోని వస్తువులలో అనేకం పేరు తెలియని చేతులు చేసినవే. వారిని గురువులుగా అంగీకరించిన వినయమే హమదా కళకు మూలాధారం.