స్ప్రెడ్‌షీట్ ఫార్ములాలు, మాక్రోలు – తెలుగు గ్రామనామ పరిశోధనలో దోషాల గుర్తింపు: కారేపల్లి పరిసరాల పేర్ల ఆధారంగా

వ్యాససంగ్రహం:

గ్రామనామాలు, మాండలిక పదాలు, జానపద సామగ్రి సేకరించే తెలుగు పరిశోధకులు తమ దత్తాంశాన్ని స్ప్రెడ్‌షీట్‌లో భద్రపరచి ఫార్ములాలతో లెక్కిస్తున్నారు. ఆ ఫార్ములాలు తెలుగు అక్షరాన్ని అక్షరంగా చూడవు, యూనికోడ్ సంకేతాల వరుసగా చూస్తాయి. దీనివల్ల కలిగే దోషాలలో చాలావాటికి తెరపై ఏ హెచ్చరికా రాదు. ఖమ్మం జిల్లా కారేపల్లి, దాని చుట్టుపక్కల మండలాల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని ఆ దోషాలు ఎక్కడ పుడతాయో, వాటిని ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: స్ప్రెడ్‌షీట్, ఫార్ములా, మాక్రో, యూనికోడ్, గ్రామనామాలు, కారేపల్లి, సింగరేణి.

1. ఉపోద్ఘాతం:

ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి కేంద్రం కారేపల్లి. రైల్వే వారి పలకపై ఉండేది కారేపల్లి జంక్షన్. జనం నోట వినిపించేదీ కారేపల్లే. ప్రభుత్వ మండలాల జాబితాలో మాత్రం ఉండే పేరు సింగరేణి. దీనికి సమీపంలోనే కామేపల్లి అనే మరో మండలం ఉంది. కారేపల్లికీ కామేపల్లికీ భేదం ఒక్క హల్లు.

ఒక పరిశోధకుడు క్షేత్రపర్యటనలో సేకరించిన పదాలకు ఎదురుగా 'కారేపల్లి' అని ఊరిపేరు రాసుకున్నాడనుకుందాం. మండలాల జాబితాను మరొక షీట్‌లో అకారాది క్రమంలో పెట్టుకున్నాడు: ఇల్లందు, ఏన్కూరు, కామేపల్లి, గార్ల, జూలూరుపాడు, డోర్నకల్, సింగరేణి. ఆ జాబితా నుండి వివరాలు తెచ్చుకోవడానికి వీలుకప్ ఫార్ములా రాశాడు. నాలుగవ అంశాన్ని రాయకుండా వదిలేశాడు. అది రాయకపోతే వీలుకప్ 'దాదాపు సరిపోలిక'ను తీసుకుంటుంది. అంటే, వెతికిన పేరు దొరకకపోతే అకారాది క్రమంలో దానికి ముందున్న పేరును ఎంచుకుంటుంది. జాబితాలో కారేపల్లి లేదు. దానికి ముందున్నది కామేపల్లి. కనుక కారేపల్లిలో సేకరించిన పదాలన్నీ కామేపల్లి ఖాతాలో చేరిపోతాయి. తెరపై ఎర్రగుర్తు రాదు, మొత్తం సంఖ్య తగ్గదు, పట్టిక చక్కగానే కనిపిస్తుంది.

నాలుగవ అంశంగా సున్నా రాసి ఉంటే '#ఎన్/ఏ' అనే దోషసూచన వచ్చేది. పరిశోధకుడు దానిని చూసి విసుక్కునేవాడే కాని, సిద్ధాంతగ్రంథంలో తప్పు పటం అచ్చయ్యేది కాదు. ఎక్స్‌లుకప్‌లో కచ్చితమైన సరిపోలికే సహజస్థితి కాబట్టి, కొత్త ఎక్సెల్ ఉన్నవారు దానిని వాడటం మేలు. అయితే అదొక్కటే చాలదు. కారేపల్లి అన్నా సింగరేణి అన్నా మండలం ఒకటేనని తెలిపే పర్యాయనామాల పట్టికను విడిగా తయారుచేసుకోవాలి. ఇల్లందు, ఇల్లెందు అనే రెండు వర్ణక్రమాలూ వాడుకలో ఉన్నాయి. అవి కూడా ఆ పట్టికలోనే చేరాలి.

ఇటువంటి నిశ్శబ్దదోషం ప్రసిద్ధులైన పరిశోధకులను కూడా వదలలేదు. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, సగటు లెక్కించే ఫార్ములా 30వ అడ్డువరుస నుండి 49వ వరుస దాకా ఉండవలసింది 44తోనే ఆగిపోయింది. ఐదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. వ్యాసం ఫలితాన్ని ప్రశ్నార్థకం చేసిన కారణాలలో ఇది ఒకటి మాత్రమే. దత్తాంశాల ఎంపిక, వాటికిచ్చిన ప్రాధాన్యం మీద కూడా అభ్యంతరాలు వచ్చాయి. 2013లో దీనిని వెలికితీసినవారిలో మొదటివాడు థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి. రచయితల నుండి అసలు స్ప్రెడ్‌షీట్ తెప్పించుకొని ఫార్ములాలను తెరిచి చూడటం వల్లనే అది బయటపడింది.

2. సంకేతమూ అక్షరమూ:

ఈ వ్యాసంలో ఫంక్షన్ల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాను. కంప్యూటరులో వాటిని రోమన్ లిపిలోనే టైపు చేయాలి.

'కారేపల్లి' అనే పేరులో అక్షరాలెన్ని అని అడిగితే ఏ తెలుగువాడైనా నాలుగంటాడు: కా, రే, ప, ల్లి. ఏ2 సెల్‌లో ఆ పేరు ఉంచి లెన్(ఏ2) అని రాస్తే వచ్చే జవాబు 9. యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే ఒక సంకేతం. క, దీర్ఘం, ర, ఏత్వం, ప, ల, పొల్లు, ల, గుడి – మొత్తం తొమ్మిది. తెలుగుకు కేటాయించిన సంకేతసంఖ్యలు దశాంశమానంలో 3072 నుండి 3199 వరకు ఉన్నాయి. అచ్చులు 3077తో మొదలవుతాయి, హల్లులు 3129 వరకు సాగుతాయి. పొల్లు సంఖ్య 3149. ఒక గుర్తు సంఖ్య తెలుసుకోవడానికి యూనికోడ్ ఫంక్షన్, సంఖ్యనుండి గుర్తును రాబట్టడానికి యూనిచార్ ఫంక్షన్ ఉన్నాయి. పాత కోడ్ ఫంక్షన్ తెలుగుకు పనికిరాదు.

అక్షరసంఖ్యకు తర్కం సులువైనదే. అచ్చులనూ హల్లులనూ లెక్కించి, అందులోంచి పొల్లుల సంఖ్యను తీసివేయాలి. ప్రతి సంయుక్తాక్షరంలోనూ ఒక పొల్లు రెండు హల్లులను కలిపి ఒక్కటి చేస్తుంది కదా. కొత్త ఎక్సెల్‌లో దీనిని ఇలా రాయవచ్చు:

=లెట్(సం, యూనికోడ్(మిడ్(ఏ2, సీక్వెన్స్(లెన్(ఏ2)), 1)), సమ్((సం>=3077)*(సం<=3129)) - సమ్(--(సం=3149)))

లోపలినుండి బయటికి చదివితే ఇది అర్థమవుతుంది. సీక్వెన్స్ 1 నుండి 9 వరకు అంకెలను ఇస్తుంది. మిడ్ ఆయా స్థానాల్లోని గుర్తులను ఒక్కొక్కటిగా విడదీస్తుంది. యూనికోడ్ వాటిని సంఖ్యలుగా మారుస్తుంది. లెట్ ఆ సంఖ్యల వరుసకు 'సం' అని పేరు పెడుతుంది. ఈ పేరు నేను వివరణకోసం పెట్టుకున్నది. తెరపై ఏదైనా చిన్న రోమన్ పదం పెట్టుకోవచ్చు. కారేపల్లికి 5-1=4, సింగరేణికి 4-0=4, ఉసిరికాయలపల్లికి 9-1=8 వస్తాయి. మూడూ సరైనవే.

డోర్నకల్ దగ్గర ఆగాలి. అందులో ఐదు హల్లులు, రెండు పొల్లులు ఉన్నాయి. జవాబు 3. ఛందస్సు దృష్టితో ఇది సరైనదే. చివరి పొల్లుహల్లు ముందున్న అక్షరంతో కలిసి 'కల్' ఒకే గురువవుతుంది. లిపిలో కనిపించే అక్షరాలను లెక్కించే పరిశోధకునికి మాత్రం డో, ర్న, క, ల్ అని నాలుగు కావాలి. అతడు తర్వాత హల్లు ఉన్న పొల్లులను మాత్రమే తీసివేయాలి. ఈ రెండింటిలో ఏది కావాలో ఫార్ములా చెప్పలేదు. ఆ నిర్ణయం పరిశోధకునిదే, దానిని వ్యాసంలో పేర్కొనడమూ అతని బాధ్యతే.

3. పేరు చివరి పదాన్ని వేరుచేయడం:

గ్రామనామ పరిశోధనలో ప్రధానమైన పని పేరు చివరి పదాన్ని బట్టి వర్గీకరించడం. ఖమ్మం నుండి భద్రాచలం అడవుల వైపు వెళ్లేకొద్దీ కోయ నివాసాలకు గూడెం, గుంపు అనే పదాలు, లంబాడా నివాసాలకు తండా అనే పదం తరచుగా వినిపిస్తాయి. పల్లి, పాడు, పురం వంటివి అంతటా ఉన్నవే. కనుక ఇక్కడ జరిగే లెక్కతప్పు కేవలం అంకెల తప్పు కాదు. ఒక జనసమూహపు నివాసాల సంఖ్య పట్టికలో తగ్గిపోతుంది.

రైట్ ఫంక్షన్‌తో చివరి రెండు 'అక్షరాలు' తీసుకుందామని రైట్(ఏ2, 2) అని రాస్తే కారేపల్లి నుండి వచ్చేది లకారమూ గుడీ మాత్రమే. 3 అని రాస్తే పొల్లుతో మొదలయ్యే విరిగిన ముక్క వస్తుంది. 'పల్లి' రావాలంటే 5 అని రాయాలి. గూడెం, గుంపు పదాలకూ ఐదే. తండా, పాడు పదాలకు నాలుగు. ఈ సంఖ్యలను గుర్తుపెట్టుకోవడం కంటే అంత్యపదాన్ని ఒక సెల్‌లో ఉంచి దాని పొడవునే అడగటం సురక్షితం:

=ఎగ్జాక్ట్(రైట్(ఏ2, లెన్(డీ1)), డీ1)

డీ1లో 'గూడెం' ఉంటే ఈ ఫార్ములా గూడెంతో ముగిసే పేర్లకు నిజమని చెబుతుంది. పాత రికార్డులలోని 'గూడెము' రూపం దీనికి చిక్కదు. దానికి మరొక నిలువువరుస కావాలి.

అంతకంటే ఆసక్తికరమైనది 'ఊరు'. ఏన్కూరు అనే పేరులో ఊరు ఉన్నదని చెవికి తెలుసు. డీ1లో 'ఊరు' అని రాస్తే ఫార్ములాకు అది దొరకదు. ఊ అచ్చు సంకేతం వేరు, హల్లుపై నిలిచే ఊత్వపు గుర్తు సంకేతం వేరు. సంధిలో అచ్చు గుర్తుగా మారిపోయింది. కనుక వెతకవలసింది యూనిచార్(3138)&"రు" అనే రూపాన్ని. వ్యాకరణం తెలిసినవారికి ఇది వింతేమీ కాదు కాని, ఫార్ములా రాసేటప్పుడు వ్యాకరణం గుర్తుకు రావడం అరుదు. ఇలా దొరికిన పేర్లన్నింటిలోనూ చివర ఉన్నది ఊరే అని ఒప్పుకోకూడదు. వాటిని మనిషే పరిశీలించాలి.

4. కంటికి కనబడని తేడాలు:

వైరా ఖమ్మం జిల్లాలోని మరొక మండలం. ఆ పేరులోని ఐత్వాన్ని రెండు విధాలుగా నిల్వచేయవచ్చు: 3144 అనే ఒకే సంకేతంగా, లేదా ఎత్వం 3142, దానికింద గుర్తు 3158 అనే రెండు సంకేతాలుగా. తెరపై రెండూ వైరాయే. మొదటిదాని పొడవు 4, రెండవదాని పొడవు 5. ఎగ్జాక్ట్ ఫంక్షన్ వాటిని వేర్వేరని చెబుతుంది. డోర్నకల్ వంటి పేర్ల చివర కొన్ని కీబోర్డులు 8204 సంకేతసంఖ్య గల అదృశ్య గుర్తును చేరుస్తాయి. వెబ్‌పేజీల నుండి తెచ్చిన పేర్ల వెంట 160వ సంఖ్య గల ఖాళీ వస్తుంది. ట్రిమ్ ఫంక్షన్ మామూలు ఖాళీని తీసివేస్తుందే కాని దీనిని ముట్టుకోదు.

కనుక సందేహం వచ్చిన పేరు పక్కన మొదట రాయవలసింది లెన్. ఒకేలా కనిపించే రెండు పేర్లకు పొడవులు వేరైతే దోషం దొరికినట్టే. ఆ తర్వాత సబ్‌స్టిట్యూట్‌తో శుద్ధి చేయాలి:

=ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(సబ్‌స్టిట్యూట్(ఏ2, యూనిచార్(160), " "), యూనిచార్(8204), ""), యూనిచార్(3142)&యూనిచార్(3158), యూనిచార్(3144)))

ఇంత పొడవైన ఫార్ములా తప్పితే ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి, ఫార్ములాలో ఒక భాగాన్ని ఎంచుకొని ఎఫ్9 నొక్కితే ఆ భాగపు విలువ కనిపిస్తుంది. చూసిన తర్వాత ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ నొక్కితే ఆ విలువే ఫార్ములాలో స్థిరపడిపోతుంది. ఎవాల్యుయేట్ ఫార్ములా అనే సాధనం ఇదే పనిని మెట్టుమెట్టుగా చేస్తుంది. ఇఫ్‌ఎర్రర్ వాడి దోషాలను సున్నాలుగా మార్చే అలవాటు మాత్రం పరిశోధనలో మానుకోవలసినది. ఆ సున్నా 'లేదు' అని చెబుతున్నదో, 'వెతకలేకపోయాను' అని చెబుతున్నదో పాఠకుడికి తెలియదు.

5. కాలంతో మారిన జిల్లాలు, 1900కు ముందు తేదీలు:

ఈ ప్రాంతంలో జిల్లా అనేది స్థిరమైన విలువ కాదు. 11-10-2016న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఇల్లందు, జూలూరుపాడు, భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి, గార్ల మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్లాయి. సింగరేణి, కామేపల్లి, ఏన్కూరు ఖమ్మంలోనే ఉన్నాయి. చింతూరు, కుకునూరు వంటివి 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2022లో చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కుకునూరు ఏలూరు జిల్లాకు మారాయి. 2012లో సేకరించిన పదాన్నీ 2018లో సేకరించిన పదాన్నీ ఒకే జాబితాతో సరిచూస్తే ఏదో ఒకటి తప్పుతుంది. కాబట్టి జిల్లాల పట్టికలో మొదలు, ముగింపు తేదీలకు రెండు నిలువువరుసలు చేర్చి, మండలాన్నీ సేకరణ తేదీనీ కలిపి వెతకాలి:

=ఎక్స్‌లుకప్(1, (మండలం=బీ2)*(మొదలు<=సీ2)*(ముగింపు>=సీ2), జిల్లా, "లేదు")

ఇక్కడ మండలం, మొదలు, ముగింపు, జిల్లా అనేవి ఆయా నిలువువరుసలు. నేటికీ కొనసాగుతున్న వరుసకు ముగింపుగా 31-12-9999 అని రాసుకోవచ్చు.

చారిత్రక తేదీల చిక్కు మరొకటి. ఎక్సెల్ తేదీలు 1900 జనవరి 1తో మొదలవుతాయి. భూగర్భశాస్త్రవేత్త కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్న 1871కి చెందిన ఏ తేదీని రాసినా అది పాఠ్యంగానే మిగులుతుంది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడిన 23-12-1920 మాత్రం నిజమైన తేదీ అవుతుంది. రెండింటినీ ఆరోహణ క్రమంలో పెడితే సంఖ్యలు ముందు, పాఠ్యం తరువాత వస్తాయి. 1871 పోయి 1920 కింద కూర్చుంటుంది. తేదీ రూపం ఇచ్చిన సెల్‌లో, గనుల హక్కులు పొందిన 1886వ సంవత్సరాన్ని ఒంటరిగా రాస్తే అది 28 ఫిబ్రవరి 1905గా మారిపోతుంది. సంవత్సరం, నెల, రోజు మూడింటినీ మూడు నిలువువరుసల్లో అంకెలుగా ఉంచడమే దీనికి మందు. లిబ్రాఆఫీస్ కాల్క్ 1900కు ముందు తేదీలను కూడా గుర్తిస్తుంది.

6. మాక్రోలు:

నాలుగవ భాగంలోని శుద్ధిని వేల వరుసలకు, అనేక ఫైళ్లకు చేయవలసివస్తే మాక్రో అవసరం. ఎక్సెల్‌లోని విజువల్ బేసిక్ ఎడిటర్ తెలుగు లిపిని స్వీకరించదు. అందులో 'గూడెం' అని అతికిస్తే ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఆ ప్రశ్నార్థకాలతోనే మాక్రో నడుస్తుంది, ఏదీ దొరకలేదని చెబుతుంది. అందుచేత తెలుగు గుర్తులను సీహెచ్ఆర్‌డబ్ల్యూ ఫంక్షన్ ద్వారా సంఖ్యలతో ఇవ్వాలి, లేదా వెతకవలసిన పదాలను షీట్‌లోని సెళ్లలో రాసి మాక్రో చేత చదివించాలి. రెండవ పద్ధతే నాకు మెరుగనిపిస్తుంది. మాక్రో రాయని సహపరిశోధకులు కూడా ఆ పదాల జాబితాను చూసి సరిదిద్దగలరు.

అంతర్జాలంలో దొరికే అనేక నమూనా మాక్రోలలో 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అనే పంక్తి ఉంటుంది. దోషం వచ్చినా పట్టించుకోకుండా తరువాతి పంక్తికి వెళ్లమని దాని అర్థం. ఇఫ్‌ఎర్రర్ గురించి చెప్పినదే దీనికీ వర్తిస్తుంది. దానిని తొలగించి, మొదటి పంక్తిగా 'ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్' చేర్చి, ఎఫ్8తో ఒక్కో పంక్తినే నడిపి చూడాలి. తప్పుగా టైపు చేసిన చరరాశుల పేర్లు అప్పుడే పట్టుబడతాయి.

మాక్రో చేసిన మార్పును అన్‌డూతో వెనక్కి తీసుకోలేము. కనుక క్షేత్రంలో రాసుకున్న పేర్ల నిలువువరుసను ముట్టుకోకుండా, శుద్ధరూపాన్ని పక్క వరుసలో రాయించాలి. మారిన ప్రతి పేరుకూ పాత రూపం, కొత్త రూపం, తేదీ మరొక షీట్‌లో నమోదయ్యేలా చేయాలి. 'గూడెము' అని చెప్పిన వ్యక్తి మాట 'గూడెం'గా ఎప్పుడు మారిందో ఆ షీట్ ద్వారానే తెలుస్తుంది.

ఫైలును ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ రూపంలో భద్రపరచాలి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపంలో మాక్రోలు నిలవవు. అంతర్జాలం నుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుండి సహజంగానే అడ్డుకుంటున్నది. పర్యవేక్షకునికి ఈమెయిల్‌లో పంపిన ఫైలులో మాక్రో నడవకపోతే, ఫైలును మొదట డిస్క్‌లో భద్రపరచి, దాని ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడిని ఎంచుకున్న తరువాత తెరవవలసి ఉంటుంది.