కొత్త నాణెం: పద్దుల పుస్తకానికి కాపలా ఎవరు?

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగరీత్యా వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం కలవు. ఆ పట్టణాన్ని ఆనుకొనియున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు పరిసరాలలో ధాన్యం, ఎరువుల వ్యాపారం చేయువారు ఇటీవల మమ్ములను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. “బిట్‌కాయిన్ మనకు అందని ధర. అటువంటిదే మరొక నాణెం కొద్ది రూపాయలకే దొరుకుతున్నది. సాంకేతికత ఒకటేనట. కొనవచ్చునా?”

సాంకేతికత ఒకటే అయినంత మాత్రాన భద్రత ఒకటి కాదు. ఇది వివరంగా తెలుసుకొనదగిన విషయం.

2009లో ఆరంభమైన బిట్‌కాయిన్‌కు ఆధారం బ్లాక్‌చెయిన్. అనగా, ఒకే పద్దుల పుస్తకం వేలాది కంప్యూటర్లలో నకళ్లుగా ఉంటుంది. కొత్త పుట చేర్చాలంటే కంప్యూటర్లు విద్యుత్తు ఖర్చు చేసి ఒక కఠినమైన లెక్కను సాధించాలి. ఆ పని చేయువారిని మైనర్లు అంటారు (మన ఊళ్లలో మైనరు అన్న మాటకున్న అర్థంతో దీనికి సంబంధం లేదు). రెండు పుస్తకాలు వేర్వేరుగా కనబడినచో, ఎక్కువ శ్రమతో వ్రాయబడినదే అసలైనదిగా చెల్లుతుంది. కనుక మొత్తం గణనశక్తిలో సగానికి మించి ఒక్కరి చేత చిక్కినచో, వారు చాటుగా వేరొక పుస్తకం వ్రాసి, అదే అసలైనదని నెగ్గించగలరు. బిట్‌కాయిన్‌పై అంతటి శక్తిని సమకూర్చుకొనుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. చిన్న నాణేనికైతే, కావలసిన శక్తి కొన్ని గంటలకు అద్దెకే దొరకవచ్చును.

ఇది ఊహ కాదు. 2017లో బిట్‌కాయిన్ నుండి చీలిన బిట్‌కాయిన్ గోల్డ్‌పై 2018 మే నెలలో ఇటువంటి దాడి జరిగి, సుమారు 1.8 కోట్ల డాలర్లు అపహరింపబడినవి. దొంగలు మారకపు సంస్థలలో నాణేలు జమచేసి, వాటిని వేరొక ద్రవ్యంగా మార్చుకొని బయటకు తీసుకొన్నారు. ఆపై తాము చాటుగా వ్రాసిన పుస్తకాన్ని బయటపెట్టగా, తొలి జమ అసలు జరుగనట్లే అయినది. ఎథీరియం క్లాసిక్‌పై 2019 జనవరిలోను, తిరిగి 2020లోను దాడులు జరిగినవి. ఒక వ్యాపారి వంద బస్తాలు లారీకెక్కించి, చెల్లింపుగా అటువంటి నాణేన్ని స్వీకరించెననుకొనుడు. లారీ పొలిమేర దాటిన పిమ్మట ఆ పద్దు మాయమైనచో, ఫిర్యాదు వినుటకు అక్కడ మేనేజరు ఉండడు.

కొన్నింటికి ఆ పుస్తకమే ఉండదు. 2014లో బల్గేరియా నుండి ప్రచారమైన వన్‌కాయిన్‌కు నిజమైన బ్లాక్‌చెయిన్ లేనే లేదని అమెరికా దర్యాప్తులో తేలినది. దాని స్థాపకురాలు రుజా ఇగ్నాటోవా 2017 అక్టోబరు నుండి కనబడలేదు. కాబట్టి ఎవరైనా నాణెం అమ్మజూపినప్పుడు మొదట అడుగవలసినది ధర కాదు: పద్దుల పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చునా? ప్రోగ్రాం బహిరంగమేనా? నాణేలలో సగం స్థాపకుల వద్దనే ఉన్నవా? మరికొందరిని చేర్పించినచో కమీషన్ ఇత్తుమనువారితో ఇక మాటలు అనవసరం.

పుస్తకం గట్టిదైనను తాళంచెవి పోవచ్చును. 2024 జూలై 18న మన దేశపు వజీర్‌ఎక్స్ సంస్థ నుండి 23 కోట్ల డాలర్లకు పైగా విలువగల నాణేలు దొంగిలింపబడినవి. పలువురి సంతకాలు కలిస్తేనే సొమ్ము కదిలే ఏర్పాటు అక్కడ ఉండెను. అయినను దొంగలు దానిని ఛేదించిరి. బ్యాంకు డిపాజిట్లకు బీమా కలదు. ఈ నాణేలకు అటువంటిది లేదు.

పన్ను సంగతి కూడా గమనించాలి. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభాలపై 30 శాతం పన్ను విధింపబడినది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకొనుటకు వీలులేదు. పన్ను కట్టినంత మాత్రాన అది చెలామణీ ద్రవ్యం కాదు. పంట రుణంగాని, వ్యాపార రుణంగాని వీటి కొనుగోలుకు మళ్లించుట రుణ నిబంధనలకు విరుద్ధం. బంగారం వలె ఈ నాణేలను మా శాఖలో హామీగా స్వీకరించుట లేదు.