కనిపించని గెలాక్సీ ఆచూకీ ఎలా దొరుకుతుంది?

సికింద్రాబాద్ పక్కనే, బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన ఖగోళవేత్త కుమారుడు వైను బప్పు. నిజాం కాలేజీలో చదువుకున్న ఆయన, 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక సంగతి తేల్చారు: కొన్ని రకాల నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం కె గీత వెడల్పును కొలిస్తే ఆ నక్షత్రం అసలు ప్రకాశం ఎంతో చెప్పొచ్చు. ఆ గీత వెలుగునిచ్చే నక్షత్రం గుట్టు విప్పింది. క్వేసార్ వెలుగులోని కొన్ని గీతలైతే దారిలో అడ్డొచ్చిన వాటి గుట్టు విప్పుతాయి.

గీతలు ఎందుకు పడతాయి?

దూరపు గెలాక్సీ నడిమధ్య, భారీ కృష్ణబిలం చుట్టూ కాగిపోతున్న పదార్థం వెలుగే క్వేసార్. అది మన దాకా వచ్చేలోపు వేరే గెలాక్సీ వాయువును దాటాల్సి రావచ్చు. ఆ వాయువులోని ఒక్కో మూలకం తనకు సరిపడే తరంగదైర్ఘ్యాలనే పట్టుకుంటుంది. తిరిగి వదిలినా అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది కాబట్టి మనకొచ్చే వాటా తగ్గి, వర్ణపటంలో అక్కడ నల్లగీత పడుతుంది.

ఆ వాయువు క్వేసార్‌ది కాదని ఎలా చెప్తారు?

మెగ్నీషియం అయాన్ ఎప్పుడూ జంట గీతలు గీస్తుంది: ప్రయోగశాలలో చూస్తే 279.6, 280.3 నానోమీటర్లు. పీకేఎస్ 2128-123 అనే క్వేసార్ వెలుగులో ఆ జంట 399.8, 400.8 దగ్గర కనిపించింది. రెండింటినీ 1.43తో భాగించండి, పాత అంకెలే వస్తాయి. అంటే వాయువు రెడ్‌షిఫ్ట్ (దారిలో వెలుగు తరంగదైర్ఘ్యం సాగిన మేర; దూరం పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది) 0.43. క్వేసార్‌ది 0.50. కాబట్టి క్వేసార్ కంటే వాయువే మనకు దగ్గర, క్వేసార్ దాని వెనక ఉంది. 1986లో జాక్లిన్ బెర్జెరాన్ సరిగ్గా ఆ 0.43 రెడ్‌షిఫ్ట్‌తోనే, క్వేసార్‌కు కాస్త పక్కగా ఒక గెలాక్సీని చూపారు. వెలుగు దాని మధ్యలోంచి రాలేదు. నక్షత్రాలు కనిపించే మేరను దాటి వాయువు చాలా దూరం పరుచుకుని ఉందన్నమాట.

ఇంకేం తెలుస్తుంది?

హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల గీత బాగా వెడల్పుగా ఉంటే తటస్థ హైడ్రోజన్ దట్టంగా ఉన్నట్టు. జింక్ గీతల బలాన్ని దానితో పోలిస్తే, అక్కడి నక్షత్రాలు బరువైన మూలకాలను ఏ మేరకు తయారుచేశాయో తెలుస్తుంది. ఇనుము ధూళిలో చిక్కుకుపోతుంది, జింక్ అంతగా చిక్కుకోదు. కాబట్టి ఆ రెండింటి తేడా ధూళి లెక్క చెబుతుంది. గెలాక్సీ ఎంత మసకగా ఉన్నా ఫర్వాలేదు, వెనక క్వేసార్ ప్రకాశంగా ఉంటే చాలు.

ఇబ్బంది ఒక్కటే. ఒక్క బోరు వేసి ఊరందరి నీళ్ల సంగతి చెప్పలేం కదా! క్వేసార్ కూడా గెలాక్సీలో ఒక్క సన్నని గీత వెంబడే లోపల ఏముందో చూపుతుంది. అందుకే శాస్త్రవేత్తలు వేలాది క్వేసార్ల వర్ణపటాలను పోగుచేసి, గెలాక్సీకి ఏ దూరంలో ఎంత వాయువుందో సగటు లెక్కగడతారు.