సింహళమున ఋతువు వెంట ప్రయాణము

శ్రీలంక పటమును బల్లమీద పరచి చూచువారికి మొట్టమొదట కలుగు భ్రమ, ఇది చిన్నదేశమనుట. ఉత్తర దక్షిణములుగా ఇంచుమించు 430 కిలోమీటర్లు. మిక్కిలి వెడల్పైన చోట 225 కిలోమీటర్లు. కారొకటి ఉన్నచో వారము దినములలో చుట్టి రావచ్చునని వ్రేళ్లమీద లెక్కవేయుదురు. అడవులను, ఏనుగులను, తిమింగలములను చూడగోరి బయలుదేరినవారు ఈ లెక్కను నమ్ముకొని, వానలో తడిసి, పొగమంచును మాత్రము చూచి తిరిగివచ్చుట కద్దు. పటము దూరములను చూపును గాని గాలిని చూపదు కదా! ఆ దీవిలో ప్రకృతిని చూడదలచినవారు దారికంటె ముందు గాలిని తెలిసికొనవలెను.

దీవి నడుమ, కొంత దక్షిణముగా, కొండల గుంపు కలదు. అందెల్ల ఎత్తయినది పిదురుతలాగల, 2,524 మీటర్లు. మే నెల నడుమనుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము హిందూమహాసముద్రపు తేమను మోసికొనివచ్చి ఈ కొండల పడమటి చరియలను తాకును. తాకిన గాలి పైకెగసి, చల్లబడి, వానయై దిగును. ఆ చరియలపై కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియును. కొండదాటిన గాలి తేమను పోగొట్టుకొని, తూర్పునకు దిగుచు వేడెక్కి, ఎండుగాలియై వీచును. ఆ ప్రాంతమువారు దానిని కచ్చాన్ అందురు. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య ఋతుపవనము వచ్చి ఈ ఏర్పాటును తలక్రిందులు చేయును. అప్పుడు తూర్పు తడియును, పడమర ఆరును. నెల్లూరు తీరమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలును ఈ ఈశాన్యపు గాలివే.

రాబర్ట్ నాక్స్ అను ఆంగ్ల నావికుడు 1660లో కాండి రాజ్యమున బందీయై, పందొమ్మిది సంవత్సరములకు పైగా అచటనే చిక్కుకొని, తప్పించుకొనిపోయి, 1681లో ఆ దీవిని గూర్చిన గ్రంథమును ప్రకటించెను. కొండకు ఒక ప్రక్క వాన, రెండవ ప్రక్క ఎండ ఉండుటను అతడు అందు వర్ణించినాడు. భూగోళపాఠములో వర్షచ్ఛాయ అను ఒక్క మాటతో ముగిసిపోవు ఈ విషయమును, జూలై నెలలో నువర ఎలియ నుండి ఎల్లకు పోవు రెండు మూడు గంటల దారిలో పిల్లలు కంటితో చూడవచ్చును. బయలుదేరునపుడు గొడుగు కావలెను. దిగునపుడు నల్లకళ్లద్దములు కావలెను.

కావున ప్రయాణపు పథకము సెలవులను బట్టి రెండు విధములగును. సంక్రాంతి సెలవులకు మరికొన్ని దినములు చేర్చుకొని పోవువారికి దక్షిణము, నైరృతి దిక్కు అనుకూలము. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు మిరిస్స రేవునుండి పడవమీద పోయినచో నీలి తిమింగలములు కనబడు అవకాశము మెండు. భూమిపై పుట్టిన ప్రాణులన్నిటిలో ఇంతకంటె పెద్దది వేరొకటి తెలియదు. అచట సముద్రము తీరమునకు చేరువలోనే లోతగుటచే అవి దగ్గరకు వచ్చును. అయితే ప్రపంచపు పెద్ద ఓడల బాటయు అక్కడనే సాగును. ఓడలు తగిలి తిమింగలములు చచ్చుట ఆ తీరమున జరుగుచున్నదే. అక్కడనుండి తూర్పుగా బుందల ఉప్పుకయ్యలలో వలసపక్షులు, ఆపైన 1938లో ఏర్పడిన యాల వనములో చిరుతలు కలవు. ఇవన్నియు ఒకే తీరపు బాటమీద ఉన్నవి.

ఆ దినములలోనే సింహరాజ వనమును చూచుట మేలు. ఇది 1988లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందిన వర్షారణ్యము. మన గుగ్గిలపు చెట్టు కుటుంబమునకు చెందిన మహావృక్షములు అందు ఆకసమును కప్పివేయును. 1970వ దశాబ్దమున ప్లైవుడ్ కొరకు యంత్రములతో ఈ అడవిని నరుకుట సాగినది. ప్రజలు నిరసించుటచే 1977లో అది ఆగిపోయినది. కాలినడకన తప్ప దీనిని చూచుటకు వీలులేదు. పక్షులు ఒంటరిగా కాక పలుజాతులు కలిసి గుంపుగా తిరుగుట ఇచటి విశేషము. గంటసేపు ఏమియు కనబడక, పిమ్మట ఒక్కసారి చెట్లన్నియు రెక్కలతో నిండిపోవును. ఓపిక లేనివారు ఆ గంటలోనే వెనుదిరుగుదురు. జలగలు మాత్రము ఎవరికొరకును వేచియుండవు. మోకాలివరకు గుడ్డ మేజోళ్లు తొడుగుకొనుట మంచిది.

ఆగస్టు, సెప్టెంబరులలో పోవువారు ఈ దారిని విడిచి ఉత్తరమునకు, తూర్పునకు మరలవలెను. అప్పుడు తిమింగలములు త్రికోణమలై వైపున ఉండును. కాని ఆ ఋతువున చూడవలసినది మిన్నేరియ చెరువు. మూడవ శతాబ్దమున మహాసేన మహారాజు వరిపొలములకు నీటికై దీనిని కట్టించెను. వేసవిలో నీరు తగ్గినకొలది చెరువు అడుగున పచ్చగడ్డి మొలచును. చుట్టుప్రక్కల అడవులన్నియు ఎండియుండ ఇచట మాత్రమే మేతయు నీరును దొరకుటచే, ఏనుగులు పిల్లలతో, ముసలివానితో వందలసంఖ్యలో వచ్చి చేరును. ఆసియా ఏనుగులు ఇంత పెద్ద సంఖ్యలో ఒక్కచోట కూడుట మరెక్కడను అరుదు. పదునేడు వందల ఏండ్ల క్రిందట మానవుడు తన పొట్టకై త్రవ్విన చెరువు అడవి జంతువులకు అన్నసత్రమైనది.

ఈ సత్రమునకును ఇటీవల చిక్కు వచ్చినది. మొరగహకంద జలాశయము వచ్చిన తరువాత కొన్ని ఏండ్లలో వేసవియందు సయితము చెరువులోనికి నీరు విడుచుటచే గడ్డి మునిగిపోయి, ఏనుగులు తగ్గినవి. రైతునకు నీరు కావలెను, ఏనుగునకు నీరు తగ్గవలెను. ఈ తగవును తీర్చుట సులభము కాదు. యాత్రికులు చేయదగినదొక్కటే: మిన్నేరియకు పోవుటకు ముందుదినమున హబరణలో జీపు నడుపువారిని అడిగి, మంద ఎచ్చట ఉన్నదో తెలిసికొని, కౌడుల్లకో మరొక వనమునకో పోవుటకు సిద్ధముగా నుండవలెను. యాల వనములోని ముఖ్యభాగమును సెప్టెంబరు ప్రాంతమున కొన్ని వారములు మూసివేయు వాడుక గలదు గనుక దసరా సెలవులవారు ముందే విచారించుకొనవలెను.

ఈ ఉత్తరపు దారిలో తంబుత్తేగమ దగ్గర కుడాగమ అను పల్లె ఉన్నది. పాములాడించుట, చేయి చూచి జోస్యము చెప్పుట పూర్వవృత్తులుగా గల అహికుంటకులు అచట నివసింతురు. వారి ఇంటిమాట తెలుగు! తరతరములుగా దేశద్రిమ్మరులై తిరిగిన ఈ జనులు ఇప్పుడు ఇండ్లు కట్టుకొని స్థిరపడినారు. పిల్లలు బడిలో సింహళము చదువుకొనుటచే తెలుగు సన్నగిల్లుచున్నది.

ఉపాధ్యాయులకు దీర్ఘమైన సెలవులు ఏప్రిల్, మే నెలలలో గదా వచ్చుట! అది రెండు గాలుల నడిమి కాలము. ఉదయము నిర్మలముగానుండి మధ్యాహ్నము ఉరుములతో వాన వచ్చును. కావున చూడవలసినదంతయు పన్నెండు గంటల లోపల చూడవలెను. హోర్టన్ మైదానములలో లోకాంతమను పేరుగల శిఖరపుటంచు వద్ద నేల దాదాపు 870 మీటర్లు నిలువుగా దిగిపోవును. తొమ్మిది, పది గంటలకు మేఘము క్రమ్ముకొన్న పిమ్మట తెల్లని గోడ తప్ప ఏమియు కానరాదు. ఆ కొండలలో కాండి నుండి నువర ఎలియకు 75 కిలోమీటర్ల లోపు దూరమునకే మూడుగంటలు పట్టవచ్చును. దినమునకు ఒకచోటు చొప్పున పదిచోట్లు వ్రాసికొన్న కాగితమును అక్కడనే చించివేయుట మేలు. పది దినములకు నాలుగు చోట్లు చాలును. వానలు ముదిరినపుడు కొండదారిని పూర్తిగా మానుకొనవలెను. 2025 నవంబరు చివర దిత్వా తుపాను వచ్చినపుడు వరదలవలన, కొండచరియలు విరిగిపడుటవలన వందలకొలది జనులు మరణించిరి. పథకములో రెండు దినములు ఖాళీగా విడుచుట ఇందుకొరకే.

చీకటిపడిన తరువాత అడవి ప్రక్క దారులలో కారు నడుపరాదు. నల్లని ఏనుగు నల్లని రోడ్డుపై దీపపు వెలుగు పడువరకు కనబడదు. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశమున ఏటేట నూరుమందికి పైగా మనుష్యులు ఏనుగులవలన, మూడువందలకు మించి ఏనుగులు తుపాకులు, విద్యుత్తీగలు, రైళ్లు, మందుపాతరల వంటి ఎరలు మొదలగువానివలన మరణించుచున్నారు. ఇందులో యాత్రికుల పాత్రయు కొంత కలదు. ఉడవలవె వనపు విద్యుత్కంచె వెంబడి రోడ్డు ప్రక్క ఏనుగులు వరుసగా నిలిచియుండును. దారినపోవువారు దయతలచి అరటిపండ్లు, చెరకు విసరుదురు, ఫోటో తీసికొందురు. మేతకై అడవిలోనికి పోవలసిన ఏనుగు రోడ్డునే నమ్ముకొనును. పండుతోబాటు ప్లాస్టిక్ సంచిని మ్రింగును. పండు ఇయ్యనివారి కారును అడ్డగించుట నేర్చును. తుదకు అది ఊరిమీదికి వచ్చినపుడు తుపాకి తగులునది దానికే. పండు విసరినవారు అప్పటికి ఇల్లు చేరియుందురు. ఆ కంచె వద్ద ఆగక సాగిపోయినచో కొద్దిదూరములోనే వనద్వారము వచ్చును. లోపల అదే జాతి ఏనుగులు, ఏడాది పొడుగునను, గడ్డిని తొండముతో పెరికి, మన్ను పోవునట్లు కాలికి కొట్టుకొని, తీరికగా తినుచు కనబడును.