వాచ్ అలర్ట్ ఇవ్వలేదా? అమ్మ నిద్ర విషయంలో దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి

గెలాక్సీ వాచ్‌లోని స్లీప్ ఆప్నియా ఫీచర్‌కి 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో యాపిల్ వాచ్‌కీ అనుమతి వచ్చింది. అప్పటి నుంచి అమ్మానాన్నలకి వాచ్ కొనేటప్పుడు చూసే ఫీచర్లలో ఇదీ చేరిపోయింది. మంచిదే. కానీ అమ్మ విషయంలో స్పెక్స్ షీట్‌లో కనిపించని చిక్కు ఒకటుంది.

నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోవడమే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని కాస్త కదిలిస్తుంది, మళ్లీ నిద్ర. తెల్లారాక ఏదీ గుర్తుండదు. గంటకి సగటున ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పే నంబర్‌ని ఏహెచ్‌ఐ అంటారు. 5 దాటితే స్వల్పం, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఇప్పుడు అసలు విషయం. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏలో పాల్ మేసీ టీమ్ 2012లో ఒక స్టడీ ప్రచురించింది. ఆప్నియా ఉండి ఇంకా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టని 10 మంది ఆడవాళ్లని, 20 మంది మగవాళ్లని ఎమ్మారై స్కాన్ చేసి, ఆరోగ్యంగా ఉన్న 50 మందితో పోల్చారు. చూసింది వైట్ మ్యాటర్‌ని, అంటే మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే కేబులింగ్‌ని. ఏహెచ్‌ఐ ఇద్దరిలోనూ దాదాపు ఒకే రేంజ్‌లో ఉంది. అయినా సింగ్యులమ్ అనే కేబుల్ కట్టలోనూ, మెదడు ముందు భాగంలోనూ ఆడవాళ్లకే ఎక్కువ డ్యామేజ్ కనిపించింది. మూడ్, నిర్ణయాలు తీసుకోవడం లాంటివి నడిచేది ఈ ఏరియాల మీదే. డిప్రెషన్ లక్షణాలు కూడా వాళ్లలోనే ఎక్కువ.

శాంపిల్ చిన్నది, అది ఒప్పుకోవాలి. పైగా ఒక్కసారి తీసిన స్కాన్‌తో ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చలేం. కానీ ఒకే నంబర్‌కి ఇద్దరి మెదళ్లలో ఒకే ఫలితం ఉండకపోవచ్చు అన్న అనుమానం మాత్రం గట్టిదే.

ఆ నంబర్‌తోనే ఇంకో గొడవ ఉంది. గేమర్లకి వెంటనే అర్థమవుతుంది. ఫోన్ యావరేజ్ 58 ఎఫ్‌పీఎస్ చూపిస్తుంది, ఫైట్ సీన్ రాగానే 20కి పడిపోతుంది. యావరేజ్ చూసి ఆ ఫోన్ కొంటామా? ఏహెచ్‌ఐ కూడా రాత్రంతటి యావరేజే. ఆడవాళ్లలో ఊపిరి ఆటంకాలు ఎక్కువగా కలలొచ్చే రెమ్ నిద్రలోనే గుమిగూడతాయి. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. నిద్ర 7 గంటలు, అందులో రెమ్ గంటన్నర. రెమ్‌లో గంటకి 30 చొప్పున 45 సార్లు, మిగతా ఐదున్నర గంటల్లో గంటకి 2 చొప్పున 11 సార్లు. మొత్తం 56, ఏడుతో భాగిస్తే 8. రిపోర్ట్‌లో "స్వల్పం". ఆ గంటన్నర మాత్రం తీవ్రమైన ఆప్నియాతో సమానం.

వాచ్‌లు వెతికేది మధ్యస్థం, ఆపై స్థాయిలనే. 8 ఉన్నవాళ్లకి నోటిఫికేషన్ రాకపోతే అది బగ్ కాదు, డిజైనే అంత. యాపిల్ 30 రోజుల డేటా, అందులో కనీసం 10 రాత్రులు చూశాకే చెబుతుంది. తప్పుడు అలర్ట్‌లు తగ్గించడానికి గీతని కాస్త పైన గీశారు. అందుకే కంపెనీ సొంత టెస్టుల్లోనే మధ్యస్థం, తీవ్రం ఉన్నవాళ్లలో సుమారు 66 శాతం మందినే పట్టుకుంది.

డాక్టర్లు వాడే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళి ఇంకా సరదాగా ఉంటుంది. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక పాయింట్. అందులో ఒకటి "మగవారా?" అవునంటే ప్లస్ వన్. కోడ్ రివ్యూలో ఇలాంటి ఇఫ్ కండిషన్ కనిపిస్తే కామెంట్ పెట్టకుండా వదలం. పూర్తిగా తప్పని కాదు, మగవాళ్లలో ఈ సమస్య నిజంగానే ఎక్కువ. 1993 నాటి విస్కాన్సిన్ స్టడీలో ఏహెచ్‌ఐ 5 దాటినవాళ్లు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. అంటే ముగ్గురికి ఒకరు కూడా తేడా లేదు. కానీ అప్పట్లో స్లీప్ క్లినిక్‌లకి వచ్చేవాళ్లలో ఎనిమిది మంది మగవాళ్లకి ఒక్క ఆడమనిషి. మిగతావాళ్లు ఎక్కడికి పోయినట్టు? నిద్ర పట్టట్లేదనో, పొద్దున్నే తలనొప్పనో, నీరసమనో చెప్పుకుని వేరే మందులతో సరిపెట్టుకుని ఉంటారు. గురక సంగతి మన ఇళ్లలో ఆడవాళ్లు పైకి చెప్పుకోరు కూడా. మెనోపాజ్ తర్వాత రిస్క్ ఇంకా పెరుగుతుంది.

కాబట్టి వాచ్ తీసేయక్కర్లేదు, చూసే పద్ధతి మార్చండి. యాపిల్ హెల్త్ యాప్‌లో బ్రీతింగ్ డిస్టర్బెన్సెస్ గ్రాఫ్ ఉంటుంది. నోటిఫికేషన్ కోసం ఆగకుండా అమ్మ ఫోన్‌లో దాన్ని మీరే తెరిచి చూడండి. పైన చెప్పిన లక్షణాలుంటే గ్రాఫ్ నార్మల్‌గా ఉన్నా సరే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో చేసే స్లీప్ టెస్టుల్లో చాలావాటికి మెదడు తరంగాలు కొలిచే సెన్సర్లు ఉండవు, రెమ్ ఎప్పుడొచ్చిందో వాటికి తెలీదు. కుదిరితే ల్యాబ్‌లో చేసే పాలీసోమ్నోగ్రఫీ గురించి అడగండి. రిపోర్ట్ వచ్చాక మొదటి పేజీలో ఏహెచ్‌ఐ చూసి ఫైల్ మూసేయకుండా, రెమ్ ఏహెచ్‌ఐ ఎంతో కూడా అడగండి.